ఊఁ కొట్టడం మానుకున్న మాస్టారు

మా పక్కింటి మాస్టారు పోయారు. కిందటి నెలలో ఒక మంగళవారం పొద్దున చిన్నవాణ్ణి స్కూల్లో దింపి వచ్చి, కారు తాళాలు కొక్కేనికి తగిలిస్తుంటే కంచె అవతలి నుంచి ఆంటీ పిలిచారు. మాస్టారి భార్యని నేను ఆంటీ అంటాను. ఆరెయ్యాల్సిన తువ్వాలు ఇంకా ఆవిడ భుజం మీదే ఉంది. చేతులు తడిగా ఉన్నాయి.

"అమ్మాయ్, హాస్పిటల్ నుంచి ఫోనొచ్చింది. ఆయన పోయారుట."

పోయారుట అన్నారు, ఎవరింటి కబురో విని చెప్పినట్టు. నేను కంచె దగ్గరికి వెళ్ళేలోపు మళ్ళీ అన్నారు, "నిన్న సాయంత్రం కూడా జావలో ఉప్పు చాలలేదని పేచీ పెట్టారు." ఆ తరవాత ఇద్దరం మాట్లాడలేదు. ఒకరు చెబితే ఇంకొకరు ఊఁ అనాలి కదా. ఆ పొద్దున మాలో ఎవరికీ ఆ శక్తి లేదు.

ఇంగ్లండులోని మా మిల్టన్ కీన్స్‌లో మన తెలుగువాళ్ళ సభలకి వచ్చేవాళ్ళు ఆయన్ని చూసే ఉంటారు. వెనక వరసలో, తలుపు పక్కన, మఫ్లరు తియ్యకుండా కూర్చునేవారు. చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఆయనది కాకినాడ వైపు. తొంభై తొమ్మిదిలో మేం ఈ ఇంట్లోకి వచ్చేసరికే ఆయన ఇక్కడ పాతకాపు. కారులో వెళ్ళి వచ్చేంత దూరంలో ఉన్న ఒక యూనివర్సిటీలో ఇంజనీరింగు మొదటి ఏడాది పిల్లలకి మెకానిక్స్ చెప్పేవారు. ఏ బరువు ఎక్కడ ఆనుతుంది, ఏ వంతెన ఎందుకు నిలబడుతుంది, నిచ్చెన ఎప్పుడు జారుతుంది, అలాంటివి. మా పిల్లలకి ఆయన అంకుల్. నాకు మాత్రం మొదటి రోజు నుంచీ మాస్టారే.

ఆయన చెప్పే తీరు కన్నా వినే తీరు గొప్పది. మన వైపు కథ వినేవాళ్ళు ఊఁ కొట్టకపోతే చెప్పేవాళ్ళకి కోపం వస్తుంది. ఊఁ ఆగిందంటే పిల్లాడు నిద్రపోయాడని అమ్మమ్మ కథ ఆపేస్తుంది. మాస్టారికి ఆ అలవాటు ఊపిరితో పాటు వచ్చింది. మా అమ్మాయి మా వంటింటి బల్ల దగ్గర లెక్క చేస్తూ ఇంగ్లీషులో పైకి చెప్పుకుంటూ పోతుంటే, ఆయన పక్కన కూర్చుని తెలుగులో ఊఁ కొట్టేవారు. ఆ ఊఁ ఒక రకం కాదు. దారి సరిగ్గా ఉంటే పొట్టిగా, గట్టిగా. అనుమానంగా ఉంటే చివర కాస్త సాగదీసి. దారి తప్పితే అసలు ఊఁ ఉండదు, ముక్కులోంచి చిన్న గాలి వదిలేవారు. "అంకుల్ ఈజ్ లైక్ ఎ శాట్‌నావ్, మమ్" అని, కారులో దారి చెప్పే యంత్రంతో పోల్చి మా అమ్మాయి నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. అది నవ్వుతో పోయే మాట కాదని అప్పుడు మాకెవరికీ తెలియదు.

"తెలుసు అన్న పిల్లాణ్ణి నమ్మకమ్మా. ఎందుకంటే అని మొదలుపెట్టిన పిల్లాణ్ణి నమ్ము" అనేవారు. నేను పెరుగు తోడుపెట్టే పద్ధతి చెప్పినా ఆయన అడిగేది అదే: ఎందుకు?

రెండువేల అయిదు మొదట్లో అనుకుంటాను, ఆయన యూనివర్సిటీ నుంచి తిన్నగా మా ఇంటికి వచ్చారు. కోటు విప్పలేదు.

"టీ పెట్టమ్మా. మీ ఆంటీకి ఇంకా చెప్పలేదు."

ఇక్కడి యూనివర్సిటీల్లో కొన్నేళ్ళకొకసారి ఒక పెద్ద లెక్కింపు ఉంటుంది. ఏ డిపార్టుమెంటులో ఎవరు ఏ పరిశోధన అచ్చు వేశారో చూస్తారు. దాన్నిబట్టే గ్రాంటులు, పేరు. ఆ ఏడు వాళ్ళ డిపార్టుమెంటుకి కొత్త హెడ్ వచ్చాడు. మాస్టారు ఎప్పుడో పీహెచ్‌డీ నాటి పేపర్ల తరవాత ఏమీ అచ్చు వెయ్యలేదు. పాఠం చెప్పడంతోనే ఆయనకి పొద్దు సరిపోయింది. హెడ్ పిలిచి మర్యాదగానే చెప్పాడట: మీ క్లాసు గురించి పిల్లలు ఎంతో బాగా రాస్తారు, కానీ దానికి మా ఫారంలో గడి లేదు, లెక్కింపు లోపు ఒక్క పేపరైనా రాకపోతే మీ ఉద్యోగం గురించి నేను మాట ఇవ్వలేను.

"ఈ వయసులో కొత్తగా ఏం కనిపెడతానమ్మా నేను?" అన్నారు. టీ చల్లారిపోయింది.

దారి చూపింది ఎడ్యుకేషన్ విభాగంలో పనిచేసే ఒక లెక్చరరు. వయసులో ఆయన కూతురంత. మీరు క్లాసులో చేస్తున్నదే పరిశోధన, రాయకపోవడం వల్ల అది పాఠంగా మిగిలిపోతోంది అందిట. ఆ మాట ఆయన్ని పట్టుకుంది. అప్పటికే ఆయన బోర్డు మీద లెక్కలు చేసి చూపించడం తగ్గించి, క్లాసుకి వస్తువులు పట్టుకెళ్తున్నారు: దారపు రీళ్ళు, చెక్కపలకలు, ఇటుకలు. ముందు ఏమవుతుందో చెప్పండి, పక్కవాడితో వాదించండి, ఆ తరవాతే లాగి చూడండి అనేవారు. ఆంటీ కుట్టుమిషను రీళ్ళు మాయమవుతుంటే ఇంట్లో గొడవ కూడా అయింది.

పాఠం బాగుందని చెబితే పరిశోధన కాదుట. పిల్లల ఆలోచనలో ఏం మారిందో చూపించాలి. అది తనకెలా తెలిసిందో, ఇంకొకరు అలాగే చేసి చూసుకునేలా రాయాలి. అందుకని ఆయన తన క్లాసు నుంచీ, పాత పద్ధతిలో చెప్పే ఇంకో క్లాసు నుంచీ కొందరు విద్యార్థుల్ని, వాళ్ళు ఒప్పుకున్నాక, ఒక్కొక్కర్నీ విడిగా కూర్చోబెట్టి ఒక సమస్య ఇచ్చేవారు. ఆలోచిస్తున్నదంతా పైకి చెబుతూ చెయ్యాలి. టేపు తిరుగుతూ ఉంటుంది. ఆయన పక్కన కూర్చుని వింటారు, అంతే. క్యాసెట్లన్నీ టైపు చేసే ఒక ఇంగ్లీషావిడకి ఇచ్చారు. ఆవిడ పంపిన కాగితాలు చూసి మాస్టారు నేల మీద నిలవలేదు. పాత పద్ధతిలో నేర్చుకున్న పిల్లల్లా కాకుండా, కొత్త క్లాసు పిల్లలు దారి తప్పినా తమంతట తామే వెనక్కి తిరిగి, సరైన జవాబు పట్టుకున్నారు. దాదాపు అందరూ.

పేపరు రాశారు. రాసింది కొట్టేశారు, మళ్ళీ రాశారు. రెండువేల ఆరు శరత్తులో పరిశోధనలు అచ్చువేసే జర్నలు నుంచి జవాబు వచ్చింది. తీసుకుంటాం, ఒక్క చిన్న సవరణ: ఇంటర్వ్యూ ఎలా జరిపారో అడుగడుగూ ఇంకాస్త వివరంగా రాయండి. శుక్రవారం లోపు పంపితే లెక్కింపుకి అందే సంచికలో వేస్తాం.

ఆంటీ ఆ రోజు పరమాన్నం చేసి కంచె మీదుగా మా గిన్నె నింపారు. "ఇంక ఆ హెడ్డు నోరు మూసుకుంటాడు" అన్నారు. ఆవిడ అంత హాయిగా నవ్వడం నేను చాలా నెలల తరవాత చూశాను.

మర్నాడు మధ్యాహ్నం మాస్టారు టేప్‌రికార్డరు, ఒక దారపు రీలు పట్టుకుని మా వంటింట్లోకి వచ్చారు.

"నువ్వు ఇంటిలెక్క రోజు తప్పకుండా రాస్తావు. పోపు డబ్బాలకి కూడా తేదీలు అంటిస్తావు. నీలాంటి మనిషి కావాలమ్మా. నేను ఇంటర్వ్యూ చేస్తాను, నువ్వు స్టూడెంటువి. అయ్యాక నేను మొదటినుంచి చివరిదాకా ఏమేం చేశానో వరసగా రాసిపెట్టు. అదే పేపర్లో పెడతాను."

"నాకు ఫిజిక్సులో అత్తెసరు మార్కులు మాస్టారూ."

"ఇంకా మంచిది."

రీలు బల్ల మీద పడుకోబెట్టారు. అంచులు పెద్దవి, మధ్య సన్నం. దారం కొస కింది వైపు నుంచి నా దగ్గరికి వస్తోంది. ఈ దారాన్ని బల్లకి సమంగా మెల్లిగా నీ వైపు లాగితే రీలు ఎటు దొర్లుతుంది? లాగకూడదు. ఆలోచించి చెప్పాలి, ఆలోచన పైకి వినపడాలి.

"దారం విడిపోతుంది కదండీ. విడిపోవాలంటే రీలు వెనక్కి తిరగాలి. దూరంగా పోతుంది."

ముక్కులోంచి చిన్న గాలి.

"కాదేమో. దూరంగా కాకపోతే, ఉన్నచోటే తిరుగుతుందా?"

"ఊఁ..." సాగింది.

"కాదు కాదు. నా వైపే వస్తుంది."

"ఊఁ!"

"అవును, నా వైపే వస్తుంది" అన్నాను గట్టిగా.

లాగి చూపించారు. రీలు దారాన్ని చుట్టుకుంటూ నా వైపే దొర్లుకుంటూ వచ్చింది. మాస్టారి మొహం వెలిగిపోయింది. "చూశావా! అత్తెసరు మార్కులన్నావు. నీ అంతట నువ్వు వెనక్కి తిరిగి పట్టుకున్నావు. ఇదే, ఇదే నేను రాసింది. ఇప్పుడు చెప్పు, ఎందుకంటే?"

"ఎందుకంటే మీరు ఊఁ అన్నారు కదా."

ఆయన నవ్వారు. నేను నవ్వలేదు, ఎందుకంటే నేను హాస్యానికి అనలేదు. ఆయన చెప్పమన్న ప్రకారం వరసగా రాసి కాగితం ఆయన చేతికిచ్చాను. మొదట రీలు పెట్టారు. ప్రశ్న అడిగారు. నేను తప్పు చెప్పాను, గాలి వదిలారు. మార్చాను, ఊఁ సాగదీశారు. మళ్ళీ మార్చాను, ఊఁ గట్టిగా అన్నారు. ఆపేశాను.

ఆయన ఆ కాగితం నిలబడే చదివారు. మళ్ళీ చదివారు. టేపు వెనక్కి తిప్పి విన్నారు. నా గొంతు, ఆయన ఊఁ, నా గొంతు, ఆయన ఊఁ. రీలు అక్కడే వదిలేసి, రికార్డరు మాత్రం తీసుకుని వెళ్ళిపోయారు. తలుపు కూడా వెయ్యలేదు.

మర్నాడు పొద్దున్నుంచీ ఆయన కారు ఇంటి ముందు డ్రైవ్‌లోనే ఉంది, ఆయన కారులో ఉన్నారు. ఇంజను వెయ్యలేదు, అద్దాలు ఎక్కించి ఉన్నాయి. పిల్లల గొంతులు ఇంట్లో ఇంకొకరు వినకూడదని, ఆ క్యాసెట్లు కారులో పెట్టుకుని వింటున్నారని ఆంటీ చెప్పారు. వాన పడుతోంది. మా వంటింటి కిటికీలోంచి చూస్తే ఆవిరి పట్టిన అద్దం వెనక ఆయన తల మాత్రం కనిపించేది, స్టీరింగు మీదికి వంగి. ఒక క్యాసెట్టు తీసి ఇంకోటి పెట్టడానికి మాత్రం కదిలేవారు. ఆంటీ గొడుగు వేసుకుని వెళ్ళి అద్దం మీద కొట్టి అన్నానికి పిలిచారు. రాలేదు.

నేను సాయంత్రం పప్పుచారు పట్టుకుని వెళ్ళేసరికి ఆయన ముందుగదిలో ఉన్నారు. ఆంటీ నిలబడి ఉన్నారు. గిన్నె అక్కడ పెట్టి వచ్చేద్దామనుకున్నాను, కానీ ఆంటీ నా చెయ్యి పట్టుకుని ఆపేశారు.

"నువ్వే విను. ఈయన పేపరు వెనక్కి తీసుకుంటారుట."

"ప్రతి టేపులోనూ నేనే ఉన్నానమ్మా" అన్నారు మాస్టారు. "పిల్లాడు తప్పు దారి పట్టగానే నా ముక్కు. మంచి దారిలోకి రాగానే నా ఊఁ. వాళ్ళు ఆలోచించలేదు, నన్ను విన్నారు. నా క్లాసులో ఏడాదంతా కూర్చున్నవాళ్ళు. నా ఊఁ వాళ్ళకి కంఠతా వచ్చు. పాత పద్ధతి పిల్లలు వేరే మాస్టారి దగ్గర చదివినవాళ్ళు. నా ఊఁ వాళ్ళకి కొత్త. తేడా అక్కడుంది."

"మరి కాగితాల్లో అదేదీ లేదేం?" అన్నాను.

"టైపు చేసినావిడ దగ్గో, గొంతు సవరింపో అనుకుని వదిలేసింది. ఆవిడ తప్పేముంది? ఇక్కడివాళ్ళకి అదొక మాట అని తెలియదు కదా."

"అదీ!" అన్నారు ఆంటీ. "టైపు కొట్టినావిడకి వినపడలేదు. జర్నలు వాళ్ళకి వినపడలేదు. మీ హెడ్డుకి జన్మలో వినపడదు. లోకంలో ఎవరికీ వినపడని ఊఁ మీ ఒక్కరికే వినపడాలా?"

"ఇప్పుడు వినపడింది కదే."

"చెవిలో దూది పెట్టుకోండి."

ఆంటీ అక్కడితో ఆగలేదు.

"ఈ ఉద్యోగం పోతే ఈ వయసులో ఇంకోటి ఎవరిస్తారు? ఇంటి లోను ఎవరు కడతారు, మీ ఊఁ కడుతుందా? నలభై ఊళ్ళు తిరిగి ఇక్కడికొచ్చి పడ్డాం. మళ్ళీ సామాను సర్దమంటారా?" ఆవిడ గొంతు అక్కడ విరిగింది. "మీరేమీ దొంగతనం చెయ్యలేదు. కావాలని ఊఁ అన్నారా? మీ అమ్మ నేర్పింది, మీరన్నారు."

మాస్టారు నెమ్మదిగా అన్నారు, "నేను రాసింది చదివి ఇంకో ఊళ్ళో ఇంకో మాస్టారు తన క్లాసు మార్చుకుంటాడు. రీళ్ళు కొంటాడు, ఇటుకలు తెస్తాడు. అక్కడ నా రీళ్ళుంటాయే, నా ఊఁ ఉండదు. అప్పుడు ఆ పిల్లలేమవుతారు?"

ఆంటీ వంటింట్లోకి వెళ్ళిపోయారు. కుళాయి తిప్పిన చప్పుడు వచ్చింది, గిన్నె పెట్టిన చప్పుడు రాలేదు.

శుక్రవారం దాకా ఆ ఇంట్లో ఊఁ అన్నది వినపడలేదు. ఆంటీ ఆయనతో మాట్లాడుతూనే ఉన్నారు, అన్నం పెట్టానని, చెత్త బిన్లు బయట పెట్టాలని. కానీ ఆయన ఏం చెప్పినా ఊఁ కొట్టలేదు. "ఈ రోజు రింగురోడ్డు మీద యాక్సిడెంటు" అని మొదలుపెట్టి, అవతల ఏ చప్పుడూ లేక ఆయన సగంలో ఆపేసేవారట. నాకు కంచె దగ్గర ఆవిడే చెప్పారు, కొంచెం గర్వంగా, కొంచెం బాధగా. "నా ఊఁ విలువేమిటో ఆయనకీ తెలియాలిగా."

ఈ మధ్యలో ఆ ఎడ్యుకేషన్ లెక్చరరు ఫోను చేసి, ఈ లోపం ఉందని ఒక వాక్యం చేర్చి పంపేయండి, చాలామంది అంతే చేస్తారు అందిట. ఆయన ఆ వాక్యం రాసి చూసుకున్నారు. బుధవారం మా ఇంటికొచ్చి చదివి వినిపించారు కూడా. వాక్యం బాగానే ఉంది. చదివాక ఆయనే అన్నారు, "కూలిన గోడకి సున్నం కొట్టినట్టుంది కదూ?" నా పప్పులో నీళ్ళు ఎక్కువైతే ఏం చెయ్యాలో చెప్పగలను. ఒక మనిషి బతుకుతెరువు గురించి అవుననీ కాదనీ ఎలా అనను? ఆ వారమంతా నాకూ నిద్ర సరిగ్గా పట్టలేదు. ఆ కాగితం రాసింది నా చెయ్యే కదా.

శుక్రవారం మధ్యాహ్నం ఆయన కంప్యూటరు ముందు కూర్చుంటే ఆంటీ గుమ్మంలో నిలబడి ఉన్నారు. నేను ఆంటీ పిలిస్తే వెళ్ళి, ఆవిడ వెనక నిలబడ్డాను. మెయిలు ముందే రాసి పెట్టుకున్నారు. మౌసు మీద చెయ్యి పెట్టి, వెనక్కి తిరక్కుండా, "పంపెయ్యనా?" అన్నారు.

ఆంటీ ఊఁ అనలేదు. ఊహూఁ అనీ అనలేదు. కొంగు పళ్ళ మధ్య బిగించుకుని నిలబడ్డారు.

ఆయన పంపేశారు. పేపరు వెనక్కి తీసుకుంటున్నానని.

సోమవారం నుంచి మళ్ళీ మొదలుపెట్టారు. కొత్త విద్యార్థులు, కొత్త అనుమతులు, మొదటినుంచి ఇంటర్వ్యూలు. ఈసారి చప్పుడు చెయ్యకుండా. చిన్నప్పటి అలవాటు చప్పుడు చెయ్యకుండా ఉండమంటే ఉంటుందా? సాధన చెయ్యడానికి మళ్ళీ మా వంటింటికే వచ్చారు. గొంతు బొంగురుపోతే పాటగాళ్ళూ, బడిపంతుళ్ళూ బుగ్గన పెట్టుకునే కరక్కాయ ముక్క ఉంటుంది కదా, అది పెట్టుకున్నారు. నోరు విప్పితే పడిపోతుంది. "గొంతు విప్పడానికి పెట్టుకునేదాన్ని గొంతు మూసుకోవడానికి పెట్టుకున్నది నేనేనమ్మా" అన్నారు పెట్టుకునే ముందు.

అదే రీలు. ఈసారి ప్రశ్న కొంచెం మార్చారు: దారాన్ని సమంగా కాకుండా బాగా పైకెత్తి లాగితే ఎటు పోతుంది? నేను మొదలుపెట్టాను. నా వైపు వస్తుందన్నాను. నిశ్శబ్దం. కాదేమోనన్నాను. నిశ్శబ్దం. ఆయన కళ్ళు కూడా బల్ల మీదే ఉన్నాయి, మొహంలో ఏమైనా దొరుకుతుందేమోనని చూస్తే. అలాంటి నిశ్శబ్దంలో నేను ఎప్పుడూ కూర్చోలేదు. చీకటి గదిలో స్విచ్చి కోసం గోడ తడుముతున్నట్టుంది. కోపం వచ్చింది. ఏడుపు కూడా వచ్చింది, నిజం చెప్పాలంటే.

"ఏదో ఒకటి అనండి మాస్టారూ!"

అనలేదు. ఆయన మెడ నరం కదులుతోంది. ఆయనకి కూడా కష్టంగానే ఉంది. ఇద్దరం ఆ చిన్న రీలు ముందు నీళ్ళలో మునిగి ఊపిరి బిగబట్టినవాళ్ళలా కూర్చున్నాం. అప్పుడు నేను ఆయన్ని చూడడం మానేసి రీలుని చూశాను. అది బల్లని తాకే చోట వేలు పెట్టాను. రీలు తిరిగినా, దొర్లినా ఆ చోటునే ఆనుకుని కదా! సమంగా లాగితే నా లాగుడు ఆ చోటుకి పైనించి పోతోంది, అందుకే ఇటు ఒరిగింది. బాగా పైకెత్తితే దారం గీత ఆ చోటుకి ఇవతల, నా వైపే దిగుతుంది, రీలుని ఇవతల నుంచి ఎత్తి అటు తిప్పుతుంది. "అటు పోతుంది" అన్నాను. "ఎందుకంటే..." అని, ఆ మాట నా నోట్లోంచి రాగానే ఆగిపోయాను.

మాస్టారు టేపు ఆపి, కరక్కాయ ముక్క అరచేతిలోకి తీసుకున్నారు. కళ్ళు తడిగా ఉన్నాయి. "ఇన్నాళ్ళూ ఎంతమంది నోట్లోంచి ఈ మాట నేను లాగేసుకున్నానో" అన్నారు.

అసలు ఫలితం మొదటిదంత మెరవలేదు. కొత్త పద్ధతి వల్ల కొందరికి మేలైంది, చాలామందికి పెద్ద తేడా రాలేదు. ఆయన దాన్ని అలాగే రాశారు. పాఠం చెప్పినవాడే పరీక్ష పెడితే వాడి చిన్న చప్పుళ్ళు పిల్లల్ని ఎలా నడిపిస్తాయో, తన పాత టేపులే సాక్ష్యంగా పెట్టి రాశారు. మొదట పంపిన జర్నలు ఇది ఒక మనిషి అలవాటు, పరిశోధన కాదని తిప్పి పంపింది. అది వచ్చిన రోజు ఆయన తోటలో ఆకులు ఊడుస్తూ ఉండిపోయారు, ఊడ్చిన చోటే మళ్ళీ ఊడుస్తూ. రెండోది దిద్దమంది. దిద్దుతూ ఉండగానే లెక్కింపు గడువు దాటిపోయింది. రెండువేల ఏడు వేసవిలో ఆయన ముందుగా రిటైరయ్యారు. యూనివర్సిటీ భాషలో అది ఆయన ఇష్టప్రకారం. ఆంటీ దగ్గర్లోని స్కూల్లో, మధ్యాహ్నం భోజనాల వేళ పిల్లల్ని చూసుకునే లంచ్‌టైమ్ ఉద్యోగంలో చేరారు. ఆ సంగతి మీద ఆయన్ని ఒక్కసారి కూడా దెప్పలేదు. ఊఁ కొట్టడం ఎప్పుడు మళ్ళీ మొదలుపెట్టారో నాకు తెలియదు. ఒక రోజు కంచె అవతలి నుంచి ఆయన గొంతు, మధ్యమధ్య ఆవిడ ఊఁ వినపడుతుంటే, బట్టలు ఆరేస్తున్నదాన్ని ఆగి విన్నాను.

రిటైరైన మరుసటి ఏడు, ఈ వసంతంలో ఆ రెండో జర్నల్లోనే పేపరు అచ్చయింది. అప్పటికే ఒంట్లో బాగుండడం లేదు. జీపీ డాక్టరు ఆయన్ని హాస్పిటల్‌కి, హాస్పిటల్ ఇంకో హాస్పిటల్‌కి పంపుతున్నారు. ఒక కాపీ తెచ్చి నా చేతికిచ్చి, "జీవితమంతా మాట్లాడి, చివరికి మాట్లాడకపోవడం గురించి రాశానమ్మా" అన్నారు. ఎక్కడో ఒక ఊళ్ళో ఒక మాస్టారు చదివి, తన టేపులు తనే మళ్ళీ విని, ఉత్తరం రాశాడట. "ఆయనది ఊఁ కాదుట, పెన్ను క్యాపు చప్పుడుట" అని మంచం మీదనుంచే నవ్వారు. ఆంటీ నవ్వలేదు, కానీ ఆ ఉత్తరాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించింది ఆవిడే.

అంత్యక్రియలకి పాత విద్యార్థులు చాలామంది వచ్చారు. ఏం చెప్పాలో తెలియక మౌనంగా నిలబడ్డారు. ఆయన్ని ఎరిగినవాళ్ళకి అది తప్పుగా అనిపించలేదు.

మొన్న గురువారం ఆంటీని చూడడానికి వెళితే బల్ల మీద టేప్‌రికార్డరు ఉంది. విద్యార్థుల క్యాసెట్లన్నీ ఆయన యూనివర్సిటీకి అప్పజెప్పేశారు. మా వంటింట్లో సాధన చేసిన టేపు ఒక్కటి మళ్ళీ రికార్డరులో పెట్టి ఉంచుకున్నారు.

"నొక్కితే నీ గొంతు వచ్చింది. భయమేసి ఆపేశాను. నువ్వుండగా విందామని" అన్నారు.

ఆవిడే బటను నొక్కారు. నా గొంతే. రీలు నా వైపు వస్తుందంటున్నాను. కాదేమోనంటున్నాను. వెనకాల మా వంటింటి గడియారం, కెటిల్ చల్లారుతున్న చిటపట, ఎవరో కుర్చీలో సర్దుకున్న కిర్రు. ఆయన ఉన్నారు, చప్పుడు లేదు అంతే. కరక్కాయ ముక్క పంటికి తగిలిన టిక్కు ఒకటి వినిపించింది. ఆంటీ చటుక్కున స్పీకరు మీదికి వంగారు.

"ఏదో ఒకటి అనండి మాస్టారూ!" అంది టేపులో నా గొంతు.

నిశ్శబ్దం. ఇద్దరం చూస్తున్నాం. రాదని ఇద్దరికీ తెలుసు. టేపు తిరుగుతోంది.

"ఊఁ" అన్నారు ఆంటీ.

"ఇక్కడ, బల్లని తాకే చోట..." అని టేపులో నేను అందుకున్నాను.

"ఊఁ" అన్నారు ఆవిడ మళ్ళీ, కళ్ళు మూసుకుని. ఆ తరవాత క్యాసెట్టు అయిపోయేదాకా, ఆయన ఎక్కడెక్కడ ఊపిరి బిగబట్టారో అక్కడల్లా ఆవిడే ఊఁ కొట్టారు.